పొట్ట మీద గుండ్రటి గుర్తు

నలభై ఏళ్ళు నీళ్ళ మోటార్లు బాగుచేశాను. నరసరావుపేటలో సత్తెనపల్లి రోడ్డు పక్కన ఉండేది నా షెడ్డు. బొల్లాపల్లి నుంచి, ఎక్కడో ఉన్న వెల్దుర్తి నుంచి కూడా రైతులు కాలిపోయిన మోటార్లు ఆటోల్లో వేసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. చప్పుడు వింటే చాలు, ఏం పోయిందో చెప్పేసేవాణ్ణి. ఫోనులో వినిపించినా చెప్పేవాణ్ణి. ఫోను సంగతి కొంచెం ఎక్కువైంది లెండి. ఫోనులో విని చెప్పింది ఒక్కసారే, అదీ తప్పయింది.

అన్ని వందల మంది రైతుల్లో తానే ముందు విప్పి చూశానని ఒప్పుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. అందరిదీ ఒకటే మాట.

"ఎవురూ ముట్టుకోలేదన్నా. తిరిగేది తిరిగినట్టే ఆగిపోయింది."

నేను టార్చి వేసి స్క్రూల తలలు చూసేవాణ్ణి. పాత మోటారుకి స్క్రూ తల నల్లబడి, గాడిలో మట్టి నిండి ఉండాలి. అది అరిగి తళతళలాడుతుంటే ఎవరో చెయ్యి పెట్టినట్టే. "మరి ఇదేంది బావా, ఎలక వచ్చి స్క్రూడ్రైవరు తిప్పిందా?" అని అడిగితే తల గోక్కుని పక్కకి చూసేవాళ్ళు. ముందే చెప్తే నాకు పని సగం అవుతుంది కదా, ఈ మనుషులు ఎందుకు దాస్తారో అనుకునేవాణ్ణి. మా మనవరాలికి కడుపునొప్పి వచ్చిన రోజున అది నాకు బాగా అర్థమైంది.

అంతకంటే ముందు నా గ్రీజు కప్పు గురించి చెప్పాలి.

పాత ఆయిల్ ఇంజన్లకి చిన్న ఇత్తడి కప్పు ఒకటి ఉండేది. అందులో గ్రీజు నింపి బిగిస్తే బేరింగుకి కొంచెం కొంచెం దిగుతుంది. షెడ్డు మూసేసేటప్పుడు అన్నీ పాతసామానుకి వేసి, ఆ ఒక్క కప్పు ఉంచుకున్నాను. చింతపండు పెట్టి తోమితే బంగారంలా మెరిసేది. దాంతో నేను పేగులు సర్దేవాణ్ణి.

మా నాయనమ్మ చెంబుతో చేసేది. పిల్లలకి కడుపులో నొప్పి వస్తే పేగు పక్కకి జరిగిందని, వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు పక్కన తమలపాకు ముక్క పెట్టి, దాని మీద కర్పూరం వెలిగించి, పైన చెంబు బోర్లించేది. లోపల మంట ఆరిపోగానే చెంబు పొట్టని పట్టుకుంటుంది. మెల్లగా లాగితే టప్పున ఊడుతుంది. ఆ చప్పుడుతో పేగు చోటుకి వచ్చినట్టు లెక్క. చెంబు పెద్దదైపోయిందని నేను గ్రీజు కప్పు పెట్టాను. అదొక్కటే నేను కనిపెట్టింది.

మా వీధిలో నూట యాభై పొట్టలు బాగుచేశానని చెప్పుకుంటూ ఉంటాను. నూట యాభై కాదు, పన్నెండు. ఆ పన్నెండులో నాలుగు నా పొట్టే. మొదటిసారి ఎదురింటి పిల్లాడికి పెట్టినప్పుడు వాడు పెద్దగా త్రేన్చి లేచి ఆడుకోబోయాడు. ఆ ఒక్క త్రేన్పుతో నాకు పేరొచ్చింది. వాడు అంతకు ముందే గోలీసోడా తాగి ఉన్నాడని వాళ్ళమ్మ తర్వాత చెప్పింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

పోయినేడు ఒక పాపకి కప్పు అంచు వేడెక్కి కందిగింజంత బొబ్బ లేచింది. మా అమ్మాయి వార్డు సచివాలయంలో పనిచేస్తుంది. నలుగురి సంతకాలు తీసుకునే మనిషి కాబట్టి మాట కరుకు. ఆ రోజే నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"నాన్నా, నా పిల్ల పొట్ట జోలికి వచ్చావంటే ఆ కప్పు తీసకపోయి కాలవలో ఏస్తా. నిన్ను కూడా ఏసే సంగతి ఆలోచిస్తా."

సరేనన్నాను. ఒక సంవత్సరం మాట నిలబెట్టుకున్నాను.

ఆ రోజు మా అమ్మాయి సత్తెనపల్లిలో మీటింగని పొద్దున్నే బస్సెక్కింది. అల్లుడు లారీ మీద హైదరాబాదు వైపు ఉన్నాడు. ఇంట్లో నేను, మా ఆవిడ, మనవరాలు. పిల్లకి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. బడికి తయారై, ఒక ఇడ్లీ తిని, బూట్లు వేసుకుంటూ వేసుకుంటూ వంగిపోయి కూర్చుంది.

"తాతా, కడుపులో నొప్పి."

"ఎక్కడే?"

బొడ్డు చూపించింది. కాసేపటికి తగ్గింది. మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా మోకాళ్ళు పొట్టకి ఆనించి కళ్ళు మూసుకుంటోంది. మా ఆవిడ వాము కోసం డబ్బా చూసి, ఖాళీగా ఉంటే కొట్టుకి వెళ్ళింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. నా చెయ్యి దానంతట అదే అలమార మీదికి వెళ్ళింది.

"కప్పు వద్దు తాతా. అమ్మ తిట్టిద్ది."

"అమ్మకి చెప్పేదెవురు? నేను చెప్పను. నువ్వు చెప్తావా?"

"చెప్పను."

"ఎవురడిగినా?"

"ఎవురడిగినా తెలీదంటా." చేతిలో చెయ్యి వేసింది.

కర్పూరం వెలిగించి కప్పు బోర్లించానో లేదో చక్కిలిగింతలు పుట్టి మెలికలు తిరిగింది. బొడ్డు పక్కన ఉండాల్సిన కప్పు పైకి జరిగి పక్కటెముకల కింద కరుచుకుంది. లాగితే రాలేదు. ఇంకాస్త లాగితే టప్పున వచ్చింది. చూస్తే ఎర్రగా, గుండ్రంగా, కంపాసు పెట్టి గీసినట్టు గుర్తు. కప్పు తుడిచి చొక్కా జేబులో వేసుకునేలోపు పిల్ల తిన్న ఇడ్లీ కక్కేసింది. మొహం పాలిపోయింది.

నాకు ధైర్యం ఎక్కువని అందరూ అంటారు. అందరూ అంటే నేనే అంటుంటాను. ఆ నిమిషంలో పిల్లని వదిలి గుమ్మంలోకి పరిగెత్తాను. వాము పొట్లంతో మా ఆవిడ గడప ఎక్కుతుంటే, "ఆటో పిలవ్వే" అన్నాను.

పిల్లల ఆసుపత్రిలో కాజువాలిటీ ముందు బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. దగ్గులు, జ్వరాలు, తలకి కట్టు కట్టుకున్న పిల్లాడొకడు. టేబుల్ దగ్గర నర్సమ్మ వచ్చినవాళ్ళని అడిగి చీటీ రాస్తోంది. ఎవరి పరిస్థితి బాగాలేదో వాళ్ళని ముందు లోపలికి పంపుతోంది. అది గమనించగానే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. కరెంటు ఆఫీసులో, బ్యాంకులో, ఎక్కడైనా సరే ఉన్నదాన్ని మూడింతలు చేసి చెప్తే గానీ ఎవరూ తలెత్తి చూడరని నా అనుభవం.

"ఎన్ని రోజుల నించి నొప్పి?"

"మూడు రోజులమ్మా."

మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది.

"వాంతులు?"

"పది. ఆటోలో ఒకటి, పదకొండు."

"జ్వరముందా?"

"రాత్రి ఒళ్ళు పెనంలాగా కాలిందమ్మా."

థర్మామీటరు పెట్టి చూసి, "ఇప్పుడేం లేదే" అంది.

"బిళ్ళ ఏశాం కదా, తగ్గింది."

"విరేచనం సరిగ్గా అవుతుందా?"

ఆ సంగతి నాకేం తెలుసు. అయినా తెలియదని చెప్పడం నా ఒంటికి పడదు. "రోజూ పొద్దున్నే, గడియారం పెట్టినట్టు" అన్నాను.

నర్సమ్మ అంతా రాసుకుని చీటీ మీద ఎర్ర పెన్నుతో గీత గీసి మమ్మల్ని తిన్నగా లోపలికి పంపింది. "ఏందయ్యా ఆ అబద్ధాలు" అని మా ఆవిడ గొణిగింది. "నిజం చెప్తే సాయంత్రం దాకా ఆ బల్ల మీదే ఉంటావ్. నడు" అన్నాను. నలభై ఏళ్ళ తెలివి పనికొచ్చిందని లోలోపల మురిసిపోయాను.

లోపల డాక్టరమ్మకి ముప్పై ఏళ్ళుంటాయేమో. పొట్ట జోలికి వెంటనే పోలేదు. ముందు గుమ్మం నుంచి మంచం దాకా పిల్ల ఎలా నడిచిందో చూసింది. తర్వాత నోరు తెరిపించి గొంతు చూసింది, వీపు మీద స్టెత్ పెట్టి ఊపిరి విన్నది, ఒంటేలుకి వెళ్తే మంటగా ఉంటోందా అని అడిగింది. కడుపునొప్పి అని తెస్తే ఈమె గొంతు చూస్తుందేమిటి అని నేను మొహం పెట్టాను. ఆవిడ అది పట్టేసింది.

"పిల్లలకి ఎక్కడ బాగాలేకపోయినా బొడ్డే చూపిస్తారు తాతగారూ. గొంతు వాచినా కడుపునొప్పే, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరినా కడుపునొప్పే."

నాకు ముచ్చటేసింది. మోటారు తిరగడంలేదని తెస్తే నేనూ ముందు ఫ్యూజు, స్టార్టరు, వైరు చూసేవాణ్ణి. తొందరపడి మోటారు విప్పేవాడు మెకానిక్కే కాదు.

అప్పుడు గౌను పైకెత్తింది. చెయ్యి ఆగిపోయింది.

"ఇదేంటి?"

మా ఆవిడ వంగి చూసి, "అయ్యో, ఇదెప్పుడయిందే" అంది. ఆమెకి నిజంగానే తెలియదు.

"సైకిలు తొక్కుతావా నువ్వు?" డాక్టరమ్మ పిల్లని అడిగింది.

తలూపింది.

"పడ్డావా?"

పిల్ల నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"తెలీదు" అంది.

"ఎవరైనా కొట్టారా నాన్నా? చెప్పు, ఏం అనను."

"తెలీదు."

డాక్టరమ్మ చీటీ మళ్ళీ చదివింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. మమ్మల్ని పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది.

"సైకిలు హ్యాండిలు కొస పొట్టలో గుచ్చుకుంటే సరిగ్గా ఇలాంటి గుండ్రటి గుర్తే పడుతుంది. పైకి ఇంతే కనపడుతుంది. లోపల పేగు, దాని వెనకున్న క్లోమం వెన్నెముకకి అదుముకుని దెబ్బతింటాయి. మొదటి రోజు పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు. రెండు మూడు రోజులకి వాంతులు, జ్వరం మొదలవుతాయి. పాపకి మూడు రోజుల నుంచి నొప్పి అంటున్నారు, పది వాంతులంటున్నారు. నేను ఇక్కడ పెట్టుకుని చూడలేను. గుంటూరు పంపించాలి. అక్కడ పెద్ద స్కాన్ తీస్తారు, అవసరమైతే ఆపరేషన్ చేస్తారు."

నేను నోటికొచ్చినట్టు చెప్పిన మూడు రోజులు, పది వాంతులు, జ్వరం ఆవిడ చదువుకున్న పుస్తకంలోంచి చూసి చెప్పినట్టు అతికిపోయాయి. అన్నేళ్ళుగా అబద్ధాలు చెప్తున్నాను గానీ, ఇంత బాగా కుదిరిన అబద్ధం ఇంతకు ముందు చెప్పలేదు.

తర్వాత అన్నీ గబగబా జరిగిపోయాయి. నోటికి మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దన్నారు. చేతికి సూది పెట్టి సెలైను ఎక్కించారు. పిల్ల ఏడ్చింది. రక్తం తీశారు, ఇంకోసారి ఏడ్చింది. డాక్టరమ్మ గుంటూరుకి ఫోన్ చేస్తోంది. ఎవరో అంబులెన్సు తిప్పి పెట్టమని కేకేశారు. నర్సమ్మ మా ఆవిడని తలుపు పక్కకి తీసుకుపోయి, "పిన్నీ, ఇంట్లో పిల్ల మీద ఎవురన్నా చెయ్యి చేసుకుంటారా?" అని అడగడం నాకు వినపడింది. అడుగుతూ నా వంకే చూసింది.

మా ఆవిడ కబురు చెప్పినట్టుంది, మా అమ్మాయి ఫోన్. సత్తెనపల్లిలో బస్సెక్కింది, ఇంకో అరగంటలో వస్తుంది. 

ఆ అరగంటలో నేను ఆలోచించినవన్నీ చెప్తే మీరు నన్ను తిడతారు. అయినా చెప్తాను. గుంటూరు అయితే ఏమిటి, పెద్దాసుపత్రి, ఇంకా మంచిదే కదా అనుకున్నాను. స్కాన్‌లో ఏమీ లేదని వాళ్ళే చెప్పి పంపిస్తారు, కప్పు సంగతి ఎవరికీ తెలియదు, పేగులు సర్దే తాత పేరు అలాగే ఉంటుంది అనుకున్నాను. ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఒకవేళ పిల్ల నిజంగానే సైకిలు మీంచి పడిందేమో, నేను చూడలేదేమో అని. సొంత జేబులో కప్పు పెట్టుకుని అలా అనుకున్నాను.

పిల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చేతికి అట్టముక్క కట్టి ప్లాస్టరు వేశారు. కళ్ళ కింద నీళ్ళ చారలు ఇంకా ఆరలేదు. వేలితో దగ్గరికి రమ్మంది. వంగాను.

"తాతా, నేను చెప్పలా" అంది చెవిలో. పందెం గెలిచినట్టు నవ్వింది.

షెడ్డులో తల గోక్కునే రైతులందరూ ఒక్కసారిగా గుర్తొచ్చారు. స్క్రూ తల అంత తళతళలాడుతుంటే ఎవరూ ముట్టుకోలేదనే మనిషిని నేనైపోయాను. పైగా ఎనిమిదేళ్ళ పిల్ల చేత కూడా అనిపించాను.

డాక్టరమ్మ ఫోను పెట్టేసి సంతకాల కాగితం తెచ్చింది. నేను జేబులోంచి కప్పు తీసి ఆ కాగితం మీద పెట్టాను.

"ఏంటిది?"

"ఆ గుర్తు ఇదమ్మా."

ఆవిడ కప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మంచం దగ్గరికి వెళ్ళి, పిల్ల పొట్ట మీద గుర్తుకి తాకీ తాకకుండా పట్టి చూసింది. అచ్చు దిగినట్టు సరిపోయింది. "తాతా, చెప్పేశావా" అని పిల్ల ఉసూరుమంది.

"ఎప్పుడు పెట్టారు?"

"ఇవ్వాళ పొద్దునే. కర్పూరం ఎలిగించి. పేగు సర్దుకుంటదని."

మా ఆవిడ నుదురు కొట్టుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. చీటీ తీసి పెన్ను చేతిలో పట్టుకుంది.

"ఇంకా ఏమేం ఉన్నాయి తాతగారూ?"

"మూడు రోజులు కాదమ్మా. ఇవ్వాళ పొద్దుటి నించే."

గీత కొట్టింది.

"వాంతులు?"

"రెండు."

"రెండేనా?"

"రెండోది ఉమ్మేనమ్మా. అది కూడా లెక్కేశా."

"జ్వరం?"

"లేదు."

"రాత్రి వేసిన బిళ్ళ?"

"జ్వరమే లేదుగదమ్మా. బిళ్ళ ఎక్కడిది."

"విరేచనం సంగతి?"

"తెలీదు."

గీతలు కొట్టి కొట్టి చీటీలో పిల్ల పేరు, వయసు మిగిలాయి. డాక్టరమ్మ తలెత్తి, "ఏం చేసేవాళ్ళు మీరు?" అని అడిగింది.

"మోటారు మెకానిక్కునమ్మా."

"ఎవరూ ముట్టుకోలేదని చెప్పి మోటారు తెస్తే ఏం చేసేవాళ్ళు?"

"మొత్తం విప్పి చూడాల్సొచ్చేది."

"నేనూ అదే చేయబోయాను" అంది. అంత ఒద్దికగా నేను అంతకు ముందు ఎవరి ముందూ నిలబడలేదు. 

గుంటూరుకి మళ్ళీ ఫోన్ చేసి కాసేపు ఆగమని చెప్పింది. అంబులెన్సుని మాత్రం పంపేయలేదు. "మీ మాట మీద నాకు ఇంకా గురి కుదరలేదు. నా చేత్తో నేను చూసుకుంటాను" అని అక్కడే చిన్న స్కాన్ తీయించింది. తర్వాత పిల్లని మంచం దించి, గచ్చు మీద పలకలు చూపించి, "తొక్కుడుబిళ్ళ వచ్చా? కుంటుతూ ఆ తలుపు దాకా వెళ్ళి రా" అంది. పిల్ల కుంటుతూ పోతుంటే వెనకాల నర్సమ్మ సెలైను స్టాండు తోసుకుంటూ పరిగెత్తింది. తలుపు దాకా వెళ్ళి, మలుపు తిరిగి, గీత తొక్కానేమోనని ఒకసారి ఆగి చూసుకుని మరీ వచ్చింది.

"కడుపులో పుండో వాపో ఉన్న పిల్ల ఇలా గెంతలేదు. మొదటి గెంతుకే పొట్ట పట్టుకుని ఆగిపోతుంది" అని డాక్టరమ్మ మా ఆవిడకి చెప్పింది. నాకు చెప్పడం మానేసింది.

మళ్ళీ పడుకోబెట్టి, కబుర్లు చెప్తూ పొట్ట మెల్లమెల్లగా నొక్కుతూ వచ్చింది. కళ్ళు పొట్ట మీద కాదు, పిల్ల మొహం మీద ఉన్నాయి. ఎడమవైపు కింద చెయ్యి ఆగింది. స్కాన్ కాగితం చూసింది.

"తాతగారూ, మీరు బయటికి వెళ్ళండి. పాపతో మాట్లాడాలి."

వెళ్ళాను. కర్టెను అవతలి దాకానే వెళ్ళాను. అక్కడికి అన్నీ వినపడతాయి.

"దొడ్డికి వెళ్ళి ఎన్ని రోజులైంది నాన్నా?"

మంచం కిర్రుమంది. తర్వాత చిన్న గొంతు.

"మొన్న సోమారం కాదు, అంతకు ముందు సోమారం."

"అమ్మో. ఎందుకు వెళ్ళలేదు?"

"కొత్త బడిలో బాత్రూముకి గడి లేదు. ఊడిపోయింది. ఎవురన్నా బయట తలుపు పట్టుకోవాల. మా ఫ్రెండు పట్టుకుంటా పట్టుకుంటా నవ్వొచ్చి ఒదిలేసింది. అందరూ చూశారు. అందుకని ఆపుకుంటా. ఇంటికొచ్చినాక రాదు. వస్తే నొప్పిగా ఉంటది, అందుకని మళ్ళీ ఆపుకుంటా."

జూన్‌లో బడి మార్చాం. రోజూ నేనే స్కూటీ మీద దింపి, నేనే తీసుకొస్తాను. దారిలో మోటార్ల గురించి, నేను చేసిన ఘనకార్యాల గురించి చెప్తూ ఉంటాను. ఆ మాటల్లో పిల్ల నోరు తెరవడానికి సందు ఎక్కడుంది.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి వచ్చింది. సంచి భుజాన వేలాడుతోంది, ఊపిరి ఆడడం లేదు. కర్టెను దగ్గర నన్ను చూసింది. లోపల టేబుల్ మీద స్టెత్ పక్కన మెరుస్తున్న కప్పుని చూసింది.

"నాన్నా" అంది.

ఆ ఒక్క మాటలో ఏమేం ఉన్నాయో రాయాలంటే ఇంకో పుస్తకం కావాలి. నేను గోడకి ఉన్న టీకాల బొమ్మ చూస్తూ నిలబడ్డాను. ఆమె లోపలికి వెళ్ళి, కప్పు తీసి సంచిలో వేసుకుని, ఆ తర్వాత పిల్లని దగ్గరికి తీసుకుంది.

డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పింది. పొట్టలో మలం గట్టిపడి పేరుకుపోయిందని, పేగు దాన్ని తోయాలని చూసినప్పుడల్లా మెలిపెట్టినట్టు నొప్పి వస్తోందని, కాజువాలిటీకి కడుపునొప్పితో వచ్చే పిల్లల్లో చానామందికి ఇదేనని. "మీ నాన్నగారు చివర్లో అయినా నిజం చెప్పారు, లేకపోతే ఈపాటికి గుంటూరు దారిలో ఉండేవాళ్ళు" అని ఒక మాట నా తరఫున వేసింది. మా అమ్మాయి, "చివర్లో అంటే ఎన్ని అబద్ధాల తర్వాత మేడమ్?" అని అడిగింది. డాక్టరమ్మ గీతలు కొట్టిన చీటీ చేతికిచ్చింది. అది ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

ఎనిమా ఇచ్చారు. గంటసేపు మేమందరం ఒక్క బాత్రూము తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. చివరికి నర్సమ్మ బయటికి వచ్చి నా ముందు ఆగింది.

"తాతా, మీ మోటారు స్టార్టయింది."

పిల్ల వెనకాలే వచ్చింది. మొహం కడుక్కుంది, నడక తేలికైంది. "అమ్మా, దోసె" అంది. అంతమందిలో నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరికీ కనపడలేదు అని రాద్దామనుకున్నాను. మా ఆవిడ కొంగు అందించింది.

సాయంత్రం దాకా అక్కడే ఉంచి, రెండుసార్లు మళ్ళీ పొట్ట చూసి, అప్పుడు అంబులెన్సు అక్కర్లేదని చెప్పి పంపించారు. నీళ్ళు బాగా తాగాలి, జామకాయలు తినాలి, అన్నం తిన్నాక రోజూ పది నిమిషాలు కాళ్ళ కింద పీట పెట్టుకుని కూర్చోవాలి, నీళ్ళలో కలుపుకునే పొడి కొన్నాళ్ళు ఆపకుండా తాగాలి. వాంతి ఆకుపచ్చగా అయినా, రక్తం కనపడినా, నొప్పి కుడివైపు కిందికి దిగి నడవలేకపోయినా వెంటనే తీసుకురావాలి. అన్నీ మా అమ్మాయికి చెప్పి, చివర్లో నా వైపు తిరిగింది.

"ఆముదం పోయొద్దు. కప్పు పెట్టొద్దు. వచ్చినప్పుడు లెక్క సరిగ్గా చెప్పండి."

"తప్పకుండా చెప్తానమ్మా. వందసార్లు..." అని మొదలుపెట్టి, ఆవిడ చూపు చూసి, "ఒకసారి చెప్తా" అన్నాను.

ఆ శనివారం మధ్యాహ్నం, బడి వదిలాక, పనిముట్ల సంచితో బడికి వెళ్ళాను. హెడ్ మేడమ్‌తో, డాక్టరు ఆర్డరు వేసింది, గడులు బిగించమని నన్ను పంపించిందని చెప్పాను. ఆర్డరు కాగితం చూపించమంది. అలవాటు ఎక్కడికి పోతుంది. లేదమ్మా, నేను ఫలానా పాప తాతని అని చెప్పి, పిల్ల చెప్పిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తాళంచెవి తీసుకుని లేచింది. "బడి తెరిచిన రోజు నుంచీ వడ్రంగికి చెప్తూనే ఉన్నానండీ, రేపు మాపు అంటున్నాడు" అని తనే తాళం తీసి చూపించింది.

ఆడపిల్లల వైపు మూడు తలుపులు. ఐదు నిమిషాల్లో మూడింటికీ గడులు బిగించేశాను. ఐదు నిమిషాలు కాదు, రెండు గంటలు పట్టింది. డ్రిల్లు బిట్లు రెండు విరిగాయి. మూడో తలుపు కూడా అయ్యాక వెనక్కి తగ్గి చూసుకుంటే చానా ముచ్చటేసింది. వెంట వచ్చిన మనవరాలిని గడి వేసి చూడమన్నాను. లోపలికి వెళ్ళి మునివేళ్ళ మీద లేచింది. ఎగిరింది.

"అందట్లా తాతా."

నా చేతికి అందే ఎత్తులో పెట్టాను మూడూ. మళ్ళీ విప్పి, ఈసారి పిల్లని తలుపు పక్కన నిలబెట్టి, మోచెయ్యి దగ్గర పెన్సిలుతో గీత గీసి, మొదటినుంచీ బిగించాను. పాత కన్నాలు అలాగే ఉన్నాయి. నేను ఒకసారి విప్పిన సంగతి దాచడానికి లేదు.

పిల్ల లోపలికి వెళ్ళింది. గడి పడిన చప్పుడు వినపడింది.

"తాతా, ఉన్నావా?"

"ఉన్నానే."

"పో."

గేటు దాకా వెళ్ళిపోయానని ఇంట్లో అందరికీ చెప్పాను. గేటు దాకా పోలేదు. కుళాయి వెనకాల నిలబడి, లోపల బకెట్లో మగ్గు ముంచిన చప్పుడు వినపడేదాకా చెవి ఒగ్గి విన్నాను. బేరింగు బాగానే ఉంది.